జానెడు నారు బలమైన నారు కాదు: వెలుగు రంగుల మీద అపోహలు – వాస్తవాలు

మదనపల్లె దగ్గర టమాటా, మిరప నారు పెంచడం మా పని. ట్రే చేతికివ్వగానే రైతు ముందు చూసేది ఎత్తే. "ఏమక్కా, ఇంత పొట్టిగా ఉందే! వేరే చోట జానెడుంది" అంటారు. ఆ జానెడు నారును ఒకసారి వేలితో తాకి చూడండి. కాడ దారంలా ఉంటుంది, కణుపుకీ కణుపుకీ మధ్య దూరం ఎక్కువ, గుంట నుంచి పైకి లాగితే వేరు కోకోపిట్‌ను (ట్రేలో నింపే కొబ్బరి పొట్టును) పట్టుకుని రాదు. పొలంలో నాటిన మర్నాడు గాలికి వాలిపోతుంది. ఎరువు తక్కువై అలా అయిందని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో ఎక్కువసార్లు తేడా వచ్చింది వెలుగులోనే.

మొక్కకు వెలుగు తిండి, దాంతోపాటే కబురు కూడా. పైన నీడ ఉందా, పక్కన పోటీ ఉందా, రాత్రి ఎంత పొడుగు అన్నవి అది వెలుగును బట్టే తెలుసుకుంటుంది. తిండినీ కబురునూ కలిపేసి చూడటం వల్లే కింది అపోహలన్నీ.

అపోహ: ఆకుపచ్చ వెలుగు మొక్కకు పనికిరాదు.

వాస్తవం: పత్రహరితాన్ని స్పిరిట్‌లో కరిగించి గాజు గొట్టంలో పోసి కొలిస్తే ఎరుపు, నీలం బాగా పీల్చుకుంటుంది, ఆకుపచ్చను దాదాపు వదిలేస్తుంది. బడి పుస్తకాల్లోని గ్రాఫు అదే. బతికున్న ఆకు సంగతి వేరు. లోపలికి దిగిన ఆకుపచ్చ వెలుగు కణాల మధ్య అటూ ఇటూ తగులుతూ తిరిగి, చాలా భాగం అక్కడే ఇంకిపోతుంది. మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంట మొక్కల ఆకుల మీద కొలిచి 1972లో ప్రచురించిన లెక్కల్లో, ఆకుపచ్చ ఎరుపు కంటే కాస్త వెనకబడిందే తప్ప పనికిరాకుండా పోలేదు. ఎండ దంచికొట్టే వేళ ఆకు పై పొరలకు ఎరుపు, నీలం సరిపోయి మిగులుతాయి. అప్పుడు అడుగు పొరలకు తిండి పెట్టేది లోతుకు దిగే ఆకుపచ్చే.

అపోహ: మొక్క పచ్చన కాబట్టి పచ్చ షేడ్‌నెట్టే (నీడ కోసం పైన కప్పే వల) దానికి మంచిది.

వాస్తవం: మాకు బాగా నష్టం చేసింది ఈ నమ్మకమే. పచ్చ నెట్టు ఎరుపు, నీలాలను తగ్గించి, ఆకుపచ్చను, ఫార్ రెడ్‌ను ఎక్కువగా కిందికి దింపుతుంది. ఫార్ రెడ్ అంటే ఎరుపు దాటాక 730 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరుండే వెలుగు, మన కంటికి దాదాపు ఆనదు. చెట్టు ఆకులు ఎరుపును తినేసి దీన్ని కిందికి వదిలేస్తాయి. అందుకే చెట్టు నీడలో ఎరుపు తక్కువ, ఫార్ రెడ్ ఎక్కువ. మొక్కలోని ఫైటోక్రోమ్ అనే పదార్థం ఈ రెండింటి నిష్పత్తిని కనిపెడుతుంది. ఫార్ రెడ్ పాలు పెరిగితే, నెత్తిన ఇంకో చెట్టుందని మొక్క అనుకుని, వేరునూ కాడ లావునూ పక్కన పెట్టి పైకి సాగుతుంది.

అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు 1952లో బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో లెట్యూస్ (సలాడ్‌లో వేసే ఆకుకూర) విత్తనాల మీద దీన్ని చూపించారు. ఎరుపు వెలుగు చూపిస్తే మొలిచాయి, వెంటనే ఫార్ రెడ్ చూపిస్తే ఆగాయి. మార్చి మార్చి ఎన్నిసార్లు చూపించినా విత్తనం విన్నది ఆఖరి రంగు మాటే. ఇది చదివాకే మా ట్రేలను మళ్లీ పరీక్షగా చూశాను. ట్రేలు ఆనించి పెట్టినప్పుడు కూడా పక్క ఆకుల నుంచి ఫార్ రెడ్ తగిలి నడిమి మొక్కలు సాగుతున్నాయి. ఇప్పుడు 50 శాతం నీడనిచ్చే తెల్ల నెట్టు వాడుతున్నాం, మూడో ఆకు విచ్చాక ట్రేలను ఎడం చేస్తున్నాం, నాటే ముందు కొన్ని రోజులు ఎండకు అలవాటు చేస్తున్నాం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, నెట్టు రంగు ఏదైనా 75 శాతం నీడ కింద టమాటా నారు సాగకుండా ఉండదు.

అపోహ: ఇంట్లో మొక్కలకు ఊదా రంగు ఎల్‌ఈడీలే కావాలి.

వాస్తవం: ఎరుపు, నీలం ఎల్‌ఈడీలు తక్కువ కరెంటుతో మొక్కకు ఎక్కువ వెలుగిస్తాయి కాబట్టి పెద్ద ఫారాలు వాటిని కలిపి వాడాయి, ఆ రెండూ కలిస్తే కనిపించేదే ఊదా. మామూలు తెల్ల ఎల్‌ఈడీ కూడా నీలం దీపమే. పైన పూసిన పొర కొంత నీలాన్ని పసుపు, ఎరుపులుగా మారుస్తుంది. అందులో మొక్కకు కావలసినవన్నీ ఉంటాయి. ఒక షాపువాళ్ల మాట నమ్మి నేనూ ఊదా దీపాలు పెట్టాను. ఆ వెలుగులో ఆకులన్నీ నల్లగా కనిపించాయి. పాముపొడ పురుగు ఆకులో గీసిన తెల్ల గీతలు పగటి వెలుగులోకి తెచ్చేదాకా నా కంట పడలేదు, అప్పటికే సగం ట్రేలకు పాకింది. 2014లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన నాసా వారి 'వెజ్జీ' అనే మొక్కలు పెంచే పెట్టెలో ఎరుపు, నీలాలతో పాటు ఆకుపచ్చ దీపాలు కూడా పెట్టారు, వ్యోమగాములకు మొక్క అసలు రంగులో కనబడాలని.

రంగు కంటే ముందు చూడాల్సింది ఎంత వెలుగుందన్నది. మిట్టమధ్యాహ్నం బయట దాదాపు లక్ష లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) ఉంటుంది, గది నడుమ కొన్ని వందలు. మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి తేడా తెలియదు, మొక్కకు తెలుస్తుంది.

అపోహ: నీలం ఆకుకు, ఎరుపు పూతకు.

వాస్తవం: నీలం ఆకు రంధ్రాలను తెరుస్తుంది, కాడను పొట్టిగా గట్టిగా ఉంచుతుంది. ఎరుపు ఒక్కటే ఇస్తే చాలా మొక్కల కాడ సాగి ఆకు ముడుచుకుంటుంది. పూత సంగతికి వస్తే, చాలా మొక్కలు రాత్రి పొడుగును లెక్కపెట్టుకుంటాయి. చామంతి రైతులు అర్ధరాత్రి బల్బులు వెలిగించేది పూతను ఆపడానికి. డ్రాగన్ ఫ్రూట్ రైతులు చలికాలంలో వెలిగించేది పూత తెప్పించడానికి. ఈ రెండు చోట్లా పనిచేసేది ఎరుపే, ఫలితాలు మాత్రం ఎదురెదురు. టమాటా పూతకు రాత్రి పొడుగుతో పెద్దగా పనిలేదు. పూత కోసం టమాటా తోటలో రాత్రి బల్బులు వేలాడదీస్తే కరెంటు బిల్లే మిగులుతుంది.

అపోహ: రాత్రంతా లైటు వేస్తే రెట్టింపు పెరుగుతుంది.

వాస్తవం: టమాటాను 24 గంటలూ వెలుగులో ఉంచితే ఆకులు మచ్చలు మచ్చలుగా పసుపెక్కుతాయి. దానికి రోజూ కొన్ని గంటల చీకటి ఇవ్వాల్సిందే.