కోడ్ చెప్పేది రోగం కాదు, లక్షణం

హన్మకొండలోనైనా కరీంనగర్‌లోనైనా ఇప్పుడు చాలా షెడ్లలో కారు కంప్యూటర్ పట్టుకున్న తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ ఉంటోంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగిందంటే, స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్టుకు దాన్ని తగిలిస్తారు. తెర మీద పి0171 అని వస్తుంది. "ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నా, మార్చాలె" అనే మాట వెంటనే వినపడుతుంది. వేలు పోసి మార్పించాక కొన్నాళ్లకే మళ్లీ అదే లైటు, అదే కోడ్. చాలాసార్లు ఆ సెన్సర్ తప్పేమీ ఉండదు. అది ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే.

కోడ్ చదవడం పెద్ద విద్యేమీ కాదు. పి అంటే ఇంజిన్, గేర్‌బాక్సు. సి అంటే బ్రేకులు, స్టీరింగ్ లాంటివి. బి అంటే బాడీ. యు వస్తే కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సరిగా మాట్లాడుకోవడం లేదని. ఆ పక్కన సున్నా ఉంటే ఏ కంపెనీ కారుకైనా ఒకటే అర్థం. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, మన దేశంలో 2013 నుంచి కారు తన తప్పులను తానే పట్టుకుని ఇలా కోడ్‌లుగా చెప్పే ఈ ఓబీడీ-2 పద్ధతి తప్పనిసరి అయింది.

పి0171 అసలు ఏం చెబుతోంది? కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పొగలో ఆక్సిజన్ ఎక్కువ మిగిలిందని సెన్సర్ చెబితే, కంప్యూటర్ పెట్రోలు కాస్త పెంచుతుంది. ఈ సవరణనే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. అదే ఇరవై, పాతిక దాటి అక్కడే నిలిచిపోతే లైటు వెలిగిస్తుంది. "పెట్రోలు పెంచుతూనే ఉన్నా, అయినా చాలడం లేదు" అన్నదే ఆ కోడ్ సారాంశం. లెక్కకు అందని దొంగగాలి లోపలికి వస్తోందా, పెట్రోలు పంపు నీరసించిందా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మూసుకున్నాయా అన్నది మనమే వెతకాలి.

వెతకడానికి దారి అదే స్కానర్‌లో ఉంది. ఇంజిన్ లెక్కలను అప్పటికప్పుడు చూపే లైవ్ డేటా తెరిచి, ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ట్రిమ్ చూడాలి. తర్వాత 2500 ఆర్‌పీఎం దాకా రేజ్ చేసి మళ్లీ చూడాలి. వచ్చే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న కారులో, ఐడ్లింగ్‌లో 22 శాతం ఉన్నది రేజ్ చేయగానే 5కు దిగిందంటే, థ్రాటిల్ (గాలిని అదుపు చేసే తలుపు) తర్వాత ఎక్కడో గాలి లీకవుతోందని గట్టిగా అనుమానించాలి. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ కాబట్టి చిన్న చీలిక కూడా అక్కడ పెద్ద వాటా తీసుకుంటుంది. రామగుండం ఎండలకు, ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి మగ్గిన రబ్బరు పైపులు పగలడంలో వింత లేదు. గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డ్‌కు వెళ్లే సన్న పైపులను ఒక్కొక్కటిగా కాసేపు నొక్కి పట్టి చూస్తే, ఏది నొక్కినప్పుడు ట్రిమ్ దిగుతుందో ఆ దారిలోనే లీకు. అలా కాక, రేజ్ చేసి లోడ్ పెంచేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోలు ప్రెజర్ చూడాలి, దుమ్ము పట్టిన ఎంఏఎఫ్‌ను శుభ్రం చేయాలి.

కోడ్ పేరు చూసి పార్టు రాసిచ్చే పద్ధతిని నేను ఒప్పుకోలేను. పి0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్, అంటే అక్కడ పెట్రోలు సరిగా మండడం లేదని. ప్లగ్గుకు నిప్పురవ్వ కోసం కరెంటు ఇచ్చే కాయిల్ ఒక్కో ప్లగ్గుకు ఒకటి ఉన్న ఇంజిన్‌లో ఒకటో కాయిల్‌ను రెండో దానితో మార్చి నడపండి. కోడ్ పి0302గా మారితే కాయిలే దోషి, మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, వైరింగ్ చూడాలి (ఎలుకలు కొరికిన వైర్లు మన ఊళ్లలో మామూలే). ఖర్చు రూపాయి లేదు. కానీ లైటు ఆగి ఆగి మిణుకుతుంటే మాత్రం కారు పక్కకు ఆపేయాలి. మండని పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది.

కోడ్ చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కంప్యూటర్ ఆ తప్పును నమోదు చేసిన క్షణంలో వేగం, ఆర్‌పీఎం, ఇంజిన్ వేడి ఎంతో అందులో ఉంటాయి, చెరిపితే అవీ పోతాయి. చెరిపాక కంప్యూటర్ తన పరీక్షలన్నీ మొదటి నుంచి చేసుకోవాలి కాబట్టి, అప్పటికి లైటు ఆరినంత మాత్రాన పని అయినట్టు కాదు. కాజీపేట నుంచి జనగామ దాకా హైవే మీద ఒకసారి నడిపి, మళ్లీ స్కానర్ పెట్టించి, ట్రిమ్ సున్నా దగ్గరికి వచ్చిందో లేదో చూశాకే బిల్లు కట్టండి.