పచ్చబోర్డు ఉంటే కౌంటీ రోడ్డేనా? పల్లె టెక్సస్‌లో రోడ్ల పేర్లు: అపోహలు, వాస్తవాలు

టెక్సస్‌లో వానలు గట్టిగా పడ్డప్పుడల్లా మా ఆఫీసుకు ఒకేరకం ఫోన్లు వస్తాయి. "మా రోడ్డు కొట్టుకుపోయింది, గ్రేడర్ (రోడ్డు చదును చేసే బండి) ఎప్పుడు పంపుతున్నారు?" అని. నేను కౌంటీలో (మన జిల్లా లాంటిది) చేసేది 911 అడ్రసింగ్, అంటే ఎమర్జెన్సీ నంబరు 911కు ఫోన్ చేస్తే ఇల్లు దొరికేలా అడ్రసులు వేయడం. సిటీ లిమిట్స్ బయటి రోడ్లకు పేర్లు, ఇళ్ళకు నంబర్లు, వాటి మ్యాపు, అంతవరకే. అయినా ఫోన్ నాకే వస్తుంది, ఎందుకంటే ఆ రోడ్డుకు పేరు పెట్టేటప్పుడు వాళ్ళకు ఉత్తరం రాసింది నేనే. ఈ మధ్య ఆ ఫోన్లలో మనవాళ్ళు ఎక్కువయ్యారు. డాలస్ ఉత్తరాన ధరలు అందకుండా పోయాక ఇంకో గంట దూరం వెళ్ళి ఐదెకరాలు, పదెకరాలు కొంటున్నారు. నా పేరు వినగానే "తెలుగువాళ్ళా అండీ?" అని మొదలుపెట్టి, కాసేపటికే "అక్కా" అనేసి, ఆ తర్వాత గొంతు పూడుకుపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆ స్థలం అమ్మేటప్పుడు "కౌంటీ పేరు పెట్టిన రోడ్డేనండీ, ఇంకేం భయం" అన్నవాళ్ళ మీద ఉంది.

అపోహ: కౌంటీ పేరు పెట్టి బోర్డు పాతిందంటే అది కౌంటీ రోడ్డే, రిపేర్లు కౌంటీయే చూసుకుంటుంది

కాదు. ఈ ఒక్కటి గుర్తుంటే చాలు, మిగతా పోస్ట్ చదవకపోయినా ఫర్వాలేదు.

ఈ నమ్మకం ఎలా పుడుతుందో చెప్తాను. ఒక ప్రైవేట్ దారిలో ఒకటీ రెండూ ఇళ్ళు ఉన్నంతకాలం అవి ముందున్న రోడ్డు పేరుతోనే నడిచిపోతాయి. మూడో ఇల్లు లేచేసరికి చాలా కౌంటీల్లో ఆ దారికి సొంత పేరు ఉండి తీరాలి. లేకపోతే ఒకే గేటు దగ్గర మూడు నంబర్లు ఉంటాయి, లోపల ఏ మలుపు ఎవరిదో అంబులెన్స్‌కు తెలియదు. అప్పుడు ఆ దారి వాడే ఓనర్లందరికీ మేం ఉత్తరాలు పంపుతాం: మాట్లాడుకుని మూడు పేర్లు, ఇష్టం వరుసలో, ఫలానా తేదీలోపు పంపండి అని. వచ్చిన పేర్లను మా లిస్టుతో సరిచూస్తాం. తర్వాత అది కమిషనర్స్ కోర్ట్ ముందుకు వెళ్తుంది (పేరుకు కోర్టే గానీ, అది కౌంటీ పాలకమండలి). కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కూర్చుని ఓటేస్తారు, మీటింగు రికార్డులో ఎక్కుతుంది, కొన్ని వారాలకు మూల మీద బోర్డు లేస్తుంది. ఇంత తతంగం చూశాక ఎవరికైనా "ఇక ఈ రోడ్డు కౌంటీది" అనే అనిపిస్తుంది. కానీ బారసాలలో బియ్యం మీద పేరు రాయించిన పురోహితుడు పిల్లవాడి స్కూలు ఫీజు కట్టడు కదా. పేరు పెట్టడం వరకే మా పని.

చట్టం కూడా ఇందులో గజిబిజి లేకుండానే ఉంది. జనాభా 50,000 మించని కౌంటీల్లో, టెక్సస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 281వ చాప్టర్ ప్రకారం, ప్రైవేట్ రోడ్డు మీద కౌంటీకి హక్కు రావడానికి నాలుగే దారులు: కొనడం, కండెమ్నేషన్‌లో (పరిహారమిచ్చి బలవంతంగా) తీసుకోవడం, ఓనర్ డెడికేట్ చేయడం (ప్రజల వాడకానికి రాసివ్వడం), లేదా అడ్వర్స్ పొజెషన్ (ఏళ్ళ తరబడి అనుభవంతో వచ్చే హక్కు) మీద న్యాయస్థానం తుది తీర్పు. డెడికేషన్ కూడా నోటిమాటతో కుదరదు, రాతపూర్వకంగా కమిషనర్స్ కోర్ట్‌కు చేరాలి. ఈ నాలుగింటిలో నామకరణం లేదు. పెద్ద కౌంటీల్లో కూడా పేరు ఉంది కాబట్టి గ్రేడర్ పంపండి అంటే కుదరదు. పోనీ మొహమాటానికి ఒకసారి గ్రావెల్ వేయించండి అంటారా? ప్రజల డబ్బు ప్రైవేట్ వ్యక్తుల సొంత లాభానికి ఇవ్వకూడదని టెక్సస్ రాజ్యాంగం మూడో ఆర్టికల్ 52వ సెక్షన్ అడ్డు. కమిషనర్ గారికి మీ మీద ఎంత అభిమానం ఉన్నా ఆయన మనుషులు మీ ప్రైవేట్ రోడ్డు మీద పార ఎత్తకూడదు.

ఒక జంట సంగతి చెప్పాలి. ఎకరాలు కొని ఇల్లు కట్టుకున్నారు. దారికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ అమ్మాయే ఇల్లిల్లూ తిరిగి, బొబ్బట్లు పంచి మరీ, అందరి సంతకాలూ తెచ్చింది. అంత శుభ్రంగా నింపిన ఫారం నాకు అరుదుగా వస్తుంది. మరుసటి వసంతంలో వాన దంచికొట్టింది. వాగు మీది కల్వర్ట్ పైపు ఒక పక్కకు ఒరిగి, దాని మీది గ్రావెల్ అంతా కిందికి జారిపోయింది. స్కూలు బస్సు లోపలికి రావడం మానేసింది. ప్రిసింక్ట్ (కౌంటీలో ఒక్కో కమిషనర్ పరిధి) ఆఫీసుకు ఫోన్ చేస్తే "ఇది మా లిస్టులో లేదమ్మా" అన్నారు. ఆ అమ్మాయి మూల మీది బోర్డు ఫోటో తీసుకుని నా కౌంటర్ దగ్గరికి వచ్చింది. నేను మ్యాపు తెరిచి చూపించాను: కౌంటీ మెయింటెయిన్ చేసేవి నిండు గీతలు, ప్రైవేట్‌వి చుక్కల గీతలు. వాళ్ళది మొదటి నుంచి చివరిదాకా చుక్కలే. అమ్మినవాళ్ళు రోడ్ మెయింటెనెన్స్ అగ్రిమెంట్ ఏదీ రాయలేదు. దాంతో రోడ్డు మొదట్లో ఉన్నాయన "నా ఇల్లు వాగుకు ఇవతలే, నేనెందుకు ఇవ్వాలి" అన్నాడు. చట్టప్రకారం ఆయన్ని ఒప్పించే కాగితం ఒక్కటీ లేదు. చివరికి పైపు, కూలి, గ్రావెల్ ఖర్చంతా లోపలున్న రెండు కుటుంబాలే పెట్టుకున్నాయి.

కాబట్టి కొనేముందు చూసుకోండి. కౌంటీ క్లర్క్ దగ్గర ప్లాట్ (రికార్డు చేసిన లేఅవుట్ మ్యాపు) కాపీ తీసుకుని రోడ్ల గురించి ఏం రాశారో చదవండి. "ప్రజలకు డెడికేట్ చేశాం" అని ఉన్నా అక్కడితో ఆగకండి. కమిషనర్స్ కోర్ట్ దాన్ని మెయింటెనెన్స్‌కు తీసుకున్నట్టు వేరే ఆర్డర్ ఉండాలి. రోడ్డు కౌంటీ ప్రమాణాలకు కట్టి, కొంతకాలం బిల్డర్ పూచీ (బాండ్) మీద నిలబడితేగానీ మామూలుగా ఆ ఆర్డర్ రాదు. ప్రిసింక్ట్ కమిషనర్ ఆఫీసుకు ఫోన్ చేసి "ఈ రోడ్డు మీ మెయింటెనెన్స్ లిస్టులో ఉందా?" అని ఈ మాటల్లోనే అడగండి. "ఇది కౌంటీ రోడ్డేనా" అంటే సిటీలో లేదు కదా అని అవునంటారు, అక్కడే మోసపోతాం. టైటిల్ కంపెనీ (స్థలం హక్కులు పరిశీలించే సంస్థ) పంపే కమిట్‌మెంట్‌లో షెడ్యూల్ బి చదవండి, ఈజ్‌మెంట్లు (ఒకరి స్థలంలోంచి ఇంకొకరికి ఉండే దారి లాంటి హక్కులు) అందులోనే ఉంటాయి. రోడ్ మెయింటెనెన్స్ అగ్రిమెంట్ రిజిస్టర్ అయిందో లేదో చూడండి. అది లేకపోతే చాలామంది లెండర్లు లోన్ దగ్గరే కొర్రీ పెడతారు. బోర్డు రంగు చూసి నిర్ణయించకండి. కొన్ని కౌంటీలు ప్రైవేట్ రోడ్లకు నీలం వాడతాయి, కొన్ని అన్నిటికీ పచ్చే పాతుతాయి.

ఇప్పటికే కొనేసినవాళ్ళు గుండె జారవిడుచుకోకండి. సబ్‌డివిజన్‌లో (లేఅవుట్ వేసి అమ్మిన స్థలాల్లో) ఉంటే అదే ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్‌లో 253వ చాప్టర్ ఉంది: ఓనర్లు ఓటేసి ఒప్పుకుంటే కౌంటీ ఆ రోడ్డును తన ప్రమాణాలకు తెచ్చి, ఖర్చు అందరి మీదా పంచుతుంది. ఊరికే రాదు, కానీ ఆ తర్వాత అది నిజంగానే కౌంటీ రోడ్డు. సబ్‌డివిజన్ కాకపోతే పొరుగువాళ్ళతో అగ్రిమెంట్ ఈ ఎండాకాలంలోనే రాయించుకోండి. కల్వర్ట్ పోయాక ఎవరూ సంతకం పెట్టరు.

అపోహ: రోడ్డు పేరు మారితే డీడ్ మళ్ళీ రాయించాలి, స్థలం మీద హక్కు తారుమారవుతుంది

ఇది శుద్ధ పుకారు. డీడ్‌లో మీ స్థలాన్ని గుర్తించేది లీగల్ డిస్క్రిప్షన్. అంటే సర్వే పేరు, అబ్‌స్ట్రాక్ట్ నంబరు, కొలతలు, లేదా లాట్, బ్లాక్. రోడ్డు పేరు వందసార్లు మారినా అది కదలదు. ఆగ్ వాల్యుయేషన్ (సాగు భూమికి పన్ను తగ్గించే లెక్క) పోతుందన్న మాటా అంతే. మార్చుకోవాల్సినవి డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంకు, ఇన్సూరెన్స్. వీసా, గ్రీన్ కార్డ్ పనులు నడుస్తుంటే యూఎస్‌సీఐఎస్‌లో (ఇమ్మిగ్రేషన్ శాఖ) ముందే అప్‌డేట్ చేసేయండి, టెన్షన్ ఉండదు.

అపోహ: ఇన్నేళ్ళూ పోస్ట్ వచ్చింది కదా, ఇప్పుడెందుకీ పేర్లు

పోస్ట్ కోసం అయితే అక్కర్లేదు, నిజమే. 1896లో వెస్ట్ వర్జీనియాలో మొదలైన గ్రామీణ డెలివరీ "రూట్ నంబరు, బాక్స్ నంబరు"తోనే దశాబ్దాలు నడిచింది. ఆ బాక్స్ నంబరు పోస్ట్ బండి వెళ్ళే వరుస మాత్రమే, ఇల్లు ఎక్కడుందో చెప్పదు. 1968లో అలబామాలోని హేలీవిల్‌లో తొలి 911 కాల్ మోగాక అసలు చిక్కు బయటపడింది. అదే వెస్ట్ వర్జీనియా 2001లో రాష్ట్రమంతటా అడ్రసులు వేయడానికి ప్రత్యేకంగా బోర్డు పెట్టాల్సి వచ్చింది. అక్కడి కొండల్లో కూడా జనం "నా రోడ్డుకు పేరు పెట్టడానికి మీరెవరు" అనే అన్నారు.

అపోహ: ఫోన్‌లో లొకేషన్ ఉంటుంది, అడ్రస్ లేకపోయినా అంబులెన్స్ వచ్చేస్తుంది

కొంత నిజం ఉంది కాబట్టే ప్రమాదం. ఎఫ్‌సీసీ (ఫోన్ కంపెనీలను నియంత్రించే ఫెడరల్ సంస్థ) రూలు ప్రకారం 2021 నుంచి పెద్ద మొబైల్ కంపెనీలు 80 శాతం 911 కాల్స్‌లో 50 మీటర్ల లోపు లొకేషన్ ఇవ్వాలి. మిగతా 20 శాతం సంగతి? పదెకరాల స్థలంలో ఇల్లు వెనక్కి కట్టుకుంటే ఫోన్ లొకేషన్ చుక్క మీ వెనకాల ఉన్న వేరే రోడ్డుకు దగ్గరగా పడుతుంది. బండి ఆ రోడ్డు మీదికి వచ్చి, కంచె అవతల ఆగి, మీ ఇంటి లైట్లు చూస్తూ నిలబడుతుంది. గేటు ఎక్కడో చెప్పేది మేం వేసిన అడ్రస్ పాయింటే.

ఇంకోటి, దీన్ని మనవాళ్ళలో ఎవరూ పట్టించుకోరు. పల్లెల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి అందరూ వైఫై కాలింగ్ పెట్టుకుంటారు. దాని సెట్టింగుల్లో ఎమర్జెన్సీ అడ్రస్ అని ఒకటి ఉంటుంది. చాలా ఫోన్లలో అది ఇంకా పాత అపార్ట్‌మెంట్‌దే. ఫోన్ అసలు లొకేషన్ అందకపోతే 911 వాళ్ళకు కనిపించేది ఆ అడ్రసే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల ఫోన్లు కూడా చూడండి. కొత్త అడ్రస్‌ను పెద్ద తెలుగు అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అతికించండి. ఇంగ్లిష్ రాకపోతే "తెలుగు" అని చెప్పి లైన్‌లోనే ఉండమనండి, చాలాచోట్ల ఫోన్‌లోనే ఇంటర్‌ప్రెటర్‌ను కలుపుతారు.

అపోహ: గూగుల్ మ్యాప్స్‌లో పేరు మార్చేస్తే సరిపోతుంది

పిజ్జాకు సరిపోవచ్చు. 911 కాల్ అందుకుని బండి పంపే డిస్పాచర్ స్క్రీన్ మీద ఉండేది కౌంటీ మ్యాపు.

అపోహ: అందరం సంతకం పెడితే ఏ పేరైనా ఇవ్వాల్సిందే

మీరు సూచిస్తారు, కమిషనర్స్ కోర్ట్ ఖరారు చేస్తుంది. కౌంటీలో ఇప్పటికే ఉన్న పేరు గానీ, దానిలా వినిపించే పేరు గానీ కుదరదు. బ్లూబోనెట్, పీకాన్, డీర్ అన్న మాటలతో మొదలయ్యే పేర్లు ఎప్పుడో అయిపోయాయి, మళ్ళీ మళ్ళీ అవే పంపకండి. బతికున్నవాళ్ళ పేర్లు చాలా కౌంటీలు ఒప్పుకోవు. నవ్వు తెప్పించే పేర్లు కూడా వద్దంటాం, ఆ బోర్డులు దొంగలు ఎత్తుకుపోతారు. ఎఫ్ఎమ్ (ఫార్మ్-టు-మార్కెట్) రోడ్లు రాష్ట్రానివి, వాటికి నంబర్లే, మమ్మల్ని అడిగి లాభం లేదు.

తెలుగు పేర్లు పెట్టొచ్చా అని అందరూ కాస్త మొహమాటంగా అడుగుతారు. పెట్టొచ్చు, ఏ రూలూ అడ్డు కాదు. చిన్న పరీక్ష పెట్టుకోండి: తెలుగు రాని పొరుగాయనకు ఫోన్‌లో ఒక్కసారి పేరు చెప్పి స్పెల్లింగ్ రాయమనండి. 'బాలాజీ', 'తులసి', 'గోదావరి' లాంటివి నెగ్గుతాయి. 'శ్రీవేంకటేశ్వర' అని పెడితే ముందు మీకే ముచ్చట, తర్వాత ఫైర్ రేడియోలో ఎవరికీ నోరు తిరగదు.

అపోహ: ఇంటి నంబర్లు నోటికొచ్చినట్టు వేస్తారు

మా దగ్గర మైలుకు వెయ్యి నంబర్లు, అంటే 5.28 అడుగులకు ఒకటి. ఒక పక్క సరి, ఇంకో పక్క బేసి. మీ నంబరు 1370 అయితే రోడ్డు మొదలు నుంచి మీ డ్రైవ్‌వే 1.37 మైళ్ళు. రాత్రిపూట డ్రైవర్ ఓడోమీటర్ చూసి రాగలడు. అందుకే 'తొమ్మిది వచ్చేలా ఇవ్వండి' అంటే కుదరదు. వాస్తు కోసం గేటును ఇంకో మూలకు మార్చితే నంబరూ మారుతుంది, గేటు పెట్టకముందే చెప్పండి.

ఖాళీ స్థలానికి నంబరు ఇవ్వలేదని కంగారుపడేవాళ్ళకు: డ్రైవ్‌వే ఎక్కడో తేలాకే చాలా కౌంటీలు నంబరు ఇస్తాయి. మీ టైటిల్‌లో లోపమేమీ లేదు.

చివరగా, మా ఉత్తరం వస్తే జంక్ మెయిల్ అనుకుని పారేయకండి. గడువు దాటితే పేరు మేమే పెడతాం. తర్వాత నచ్చలేదంటే మళ్ళీ పిటిషన్, మళ్ళీ సంతకాలు, చాలాచోట్ల ఫీజు, కొత్త బోర్డు ఖర్చు కూడా మీ మీదే పడుతుంది. హియరింగులు మామూలుగా పనిరోజుల్లో పగటిపూట ఉంటాయి. రాలేకపోతే మీ అభ్యంతరం రాసి ముందురోజులోపు పంపండి.