టైరు రాయిలా ఉంటేనే బండి పరిగెత్తుతుందా? రోడ్ బైక్ (సన్న టైర్ల స్పీడు సైకిల్) గాలి గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒకాయన పొద్దున్నే భాకరాపేట ఘాట్ దాకా పోయొచ్చి నేరుగా మా సైకిల్ షాపు ముందు దిగాడు. వేళ్లు తిమ్మిరెక్కిపోయి, హెల్మెట్ క్లిప్పు కూడా తీసుకోలేకపోతున్నాడు. "అన్నా, హ్యాండిల్ మార్చాలా, సీటు మార్చాలా? నా వల్ల కావడం లేదు" అన్నాడు. ముందు టైరు బొటనవేలితో నొక్కి చూశాను. ఇసుమంత కూడా దిగలేదు. గేజ్ పెడితే 118 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత). టైరు వెడల్పు 25 మిల్లీమీటర్లు, మనిషి 62 కేజీలు.

"ఇంత గాలి ఎందుకు పెట్టారు సార్?" అని అడిగితే టైరు పక్కన వేలు పెట్టి చూపించాడు. అక్కడ 120 అని ఉంది.

తిరుపతిలో రోడ్ బైక్‌లు కొనేవాళ్లు పెరిగారు. చాలామంది నొప్పి భరించి, భరించి, చివరికి బండిని మేడ మీద పడేస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: టైరు మీద రాసిన అంకె దాకా గాలి కొట్టాలి.

అది పైహద్దు. ఆ టైరు తట్టుకునే గరిష్ఠ గాలి అంతే. 50 కేజీల అమ్మాయి కొన్నా, 95 కేజీల ఆయన కొన్నా టైరు మీద అదే అంకె ఉంటుంది కదా! మీకు ఎంత కావాలో తేల్చేది మీ బరువు, టైరు వెడల్పు, మీరు తిరిగే రోడ్డు.

నేను మొదలుపెట్టే లెక్క ఇది. మనిషి 70 కేజీలు, లోపల ట్యూబు, మన మామూలు తారు రోడ్డు అనుకుందాం. 25 టైరుకు ముందు 80, వెనక 85. 28 టైరుకు 65, 70. 32 అయితే 50, 55 చాలు. బరువు 5 కేజీలు పెరిగితే సుమారు 3 పెంచండి, తగ్గితే అంతే తగ్గించండి. ఆ 62 కేజీలాయనకు ముందు 75, వెనక 80 పెట్టి పంపాను. హ్యాండిల్, సీటు ముట్టుకోనే లేదు. మరుసటి ఆదివారం అదే రోడ్డుకు పోయొచ్చి, తిమ్మిరి లేదని ఫోన్ చేశాడు.

ఇక్కడ ఒక మాట. టైరు మీద 25 అని ఉన్నా, లోపలి వెడల్పు ఎక్కువున్న కొత్త రిమ్ములకు ఎక్కిస్తే అది 27 దాకా ఉబ్బుతుంది. వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిచి చూడండి. గాలి లెక్క కొలిచిన వెడల్పుకు వేయాలి. టైరు వెడల్పయ్యేకొద్దీ అదే గాలికి దాని గోడ ఇంకా బిగుసుకుంటుంది. 23కి పెట్టిన 100 పీఎస్‌ఐని 28కి పెడితే అందుకే ఇంకా గట్టిగా కొడుతుంది.

అపోహ: గట్టి టైరే వేగం. సుఖం కావాలంటే స్పీడు వదులుకోవాలి.

ఎక్కువమంది నమ్మేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. పూర్తిగా తప్పు కూడా కాదు. అద్దంలాంటి నేల మీద, అంటే వెలోడ్రోమ్‌లో (సైకిల్ పందేల ట్రాక్), గట్టి టైరు తేలిగ్గానే దొర్లుతుంది. మన రోడ్డు అలాంటిది కాదు. కరకంబాడి రోడ్డులో కంకర తేలిన చోటు గుర్తు తెచ్చుకోండి. మెత్తని టైరు ఆ కంకర రాయిని తనలోకి తీసుకుని ముందుకు పోతుంది. గట్టి టైరు వంగదు కాబట్టి బండినీ మనిషినీ కలిపి పైకి ఎత్తుతుంది. ప్రతి రాయికీ అంతే. మీ కాళ్లు పుట్టించిన శక్తిలో కొంత ముందుకు పోకుండా చేతుల్లో, భుజాల్లో, నడుములో కుదుపుగా ఖర్చయిపోతుంది. ఒక హద్దు దాటాక గాలి పెంచేకొద్దీ బండి నిదానమే అవుతుంది.

మరి వేగంగా పోతున్నట్టు ఎందుకనిపిస్తుంది? ఆ జివ్వుమనే అదురు వల్ల. అదురును మనసు వేగం అనుకుంటుంది. స్పీడోమీటర్ చూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు 23 టైరు తప్ప ముట్టని ప్రొఫెషనల్ రేసర్లు ఇప్పుడు 28కి, ఇంకా పైకి వచ్చేశారు, గాలి కూడా తగ్గించారు.

అసలు సైకిలుకు గాలి టైరు వచ్చిందే సుఖం కోసం. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపులు తగ్గాలని దాన్ని తయారుచేసి, 1888లో పేటెంటు తీసుకున్నాడు.

అపోహ: రెండు చక్రాలకూ ఒకే గాలి.

కూర్చున్నప్పుడు బరువులో సగానికి పైగా వెనక చక్రం మీదే పడుతుంది. ముందు 5 పీఎస్‌ఐ తక్కువ పెట్టండి, చేతులకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. మరీ తగ్గించకండి. ఘాట్ దిగుతూ బ్రేకు పట్టినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది.

అపోహ: గాలి తగ్గిస్తే పంక్చర్లే పంక్చర్లు.

ట్యూబు బయటికి తీసి చూడండి. పక్కపక్కనే రెండు చిన్న చీలికలు, పాము కాటులా ఉంటే, అది తక్కువ గాలి వల్లే. గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగింది. ఒకటే రంధ్రం ఉంటే ముల్లో, గాజుపెంకో, వైరో. మా షాపుకు వచ్చేవాటిలో ఎక్కువ రెండో రకమే. కంప ముళ్లు, పూతలపట్టు–నాయుడుపేట హైవే అంచున లారీ టైర్లు పేలి రాలిన సన్నటి ఇనుప వైర్లు. 110 పెట్టినా అవి దిగుతాయి. వేలికి గుడ్డ చుట్టుకుని టైరు లోపల తడిమి ఆ వైరు ముక్క తీయాలి. లేకపోతే కొత్త ట్యూబూ పోతుంది.

అపోహ: ఎండాకాలం టైరు పేలుతుంది, సగం గాలి తీసేయాలి.

పొద్దున 80 పెట్టి బయల్దేరాక టైరు 15 డిగ్రీలు వేడెక్కిందనుకోండి, పెరిగేది సుమారు 5 పీఎస్‌ఐ. బాగున్న టైరుకు అది లెక్కే కాదు. పేలేది వేరే కారణాలతో: టైరు అంచు కింద ట్యూబు ఇరుక్కోవడం, పక్కగోడ కోసుకుపోవడం, రిమ్ టేపు జరిగి స్పోకుల రంధ్రం బయటపడడం. నిజంగా జాగ్రత్త పడాల్సింది రిమ్ బ్రేకు (రిమ్మునే పట్టి ఆపే బ్రేకు) ఉన్న బండితో ఘాట్ దిగేటప్పుడు. బ్రేకు పట్టుకునే దిగితే రిమ్ము కాలిపోతుంది. పట్టి, వదిలి, మళ్లీ పట్టండి.

హుక్‌లెస్ రిమ్ములు (టైరు అంచును పట్టే కొక్కెం లేనివి) ఉన్నవాళ్లు మాత్రం ఇది మరిచిపోకండి: 5 బార్, అంటే 72.5 పీఎస్‌ఐ, దాటితే టైరు ఊడిపోవచ్చు. దానికి పనికొచ్చే టైరేనా అని కూడా చూసుకోవాలి.

అపోహ: బొటనవేలితో నొక్కితే తెలిసిపోతుంది.

చిత్తూరులో మా నాయన అద్దె సైకిళ్ల షాపులో గేజ్ లేదు, వేలే గేజ్. లావు టైర్లకు అది సరిపోయింది. రోడ్ బైక్ టైరులో 80కీ 110కీ తేడా ఏ వేలూ చెప్పలేదు, నాది కూడా. గేజ్ ఉన్న ఫ్లోర్ పంపు కొనండి. ఒక్కో గేజ్ ఒక్కోలా చూపిస్తుంది కాబట్టి ఎప్పుడూ ఒకే పంపు వాడండి. మామూలు ట్యూబులో కూడా రోజూ కొంత గాలి దిగుతూ ఉంటుంది. వారం కింద పెట్టిన గాలిని నమ్మకండి, బయల్దేరే ముందు చూసుకోండి.

మీ అంకె కోసం నేను చెప్పిన లెక్కతో మొదలుపెట్టండి. చంద్రగిరి రోడ్డో, తిరుచానూరు రోడ్డో, తెలిసిన ఒకే దారిలో తిరగండి. ప్రతిసారి 3 తగ్గించండి. మలుపులో టైరు పక్కకు వాలుతున్నట్టు అనిపించినా, గుంతలో రిమ్ము టక్‌మని తగిలినా, 5 పైకి రండి. ముందుకూ వెనకకూ తేలిన ఆ రెండు అంకెలు ప్లాస్టర్ ముక్క మీద రాసి పంపుకు అంటించుకోండి. తలకోనకు బ్యాగు కట్టుకుని పోయే రోజు వెనక మాత్రం ఇంకో 3 కలపండి.