నోట్లో పోస్తే కోడి ఎందుకు చచ్చిపోద్ది

తాడేపల్లి నుంచి ఒకావిడ అడిగారు, "కొక్కెర తెగులు తగ్గిందండీ, కానీ పెట్టకి మెడ మెలి తిరిగిపోయింది, గింజని పొడవబోతే ముక్కు పక్కన నేల మీద పడతంది, నీళ్లు కూడా తాగలేకపోతంది, నోరు తెరిచి పోసెయ్యమంటారా" అని. పోయొద్దమ్మా. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలనే ఇదంతా రాస్తున్నా. కొక్కెర, అంటే రాణీఖెత్ తెగులు, ఎలా వస్తది, టీకా ఎప్పుడు వేయించాలి లాంటివి పశువుల డాక్టర్ని అడిగితే చెప్తారు, నేను కోడి నోటి దగ్గరే ఆగుతా.

ఒకసారి ముక్కు మెల్లగా తెరిచి నాలుక వెనకాల చూడండి. సన్నటి చీలిక ఒకటి ఊపిరి తీసినప్పుడల్లా తెరుచుకుంటా మూసుకుంటా కనపడుద్ది. గాలిగొట్టం మొదలు అదే. మనకైతే మింగేటప్పుడు దాని మీదకి వాలే మూత ఒకటుంది, కోడికి ఆ మూత లేదు, చీలికే బిగుసుకోవాలి. తనంతట తాను మింగితే బిగుసుకుంటది, మనం స్పూనుతో గబగబా పోస్తే అది బెదిరిపోయి ఊపిరి పీలుస్తది, నీళ్లు నేరుగా అందులోకే. మనకి ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరం కూడా దానికి లేదు కాబట్టి మనలా గట్టిగా దగ్గి బయటికి నెట్టలేదు. అల్లం వెల్లుల్లి రసం పోశాం, అరగంటలో పోయింది, దిష్టి తగిలింది అంటారే, అలాంటప్పుడు నాకు ముందు అనుమానం వచ్చేది ఊపిరితిత్తుల్లోకి పోయిన ఆ రసం మీదే. ఇది బళ్లో ఒక్క బొమ్మ వేసి చెప్తే చాలు, ఎన్ని కోళ్లు బతుకుతాయో.

ఇక తిండిగొట్టం. అది మెడకి కుడి పక్కగా దిగి కింద ఒక సంచిలోకి వెళ్తది, డాక్టర్లు క్రాప్ అంటారు. దాన్ని మేడ మీద సింటెక్స్ ట్యాంకు అనుకోండి. తిన్నదంతా ముందు అక్కడ నిల్వ, కింద యాసిడ్ ఉండే చిన్న పొట్టకీ కందనకాయకీ అవసరమైనప్పుడల్లా కాస్త కాస్త వదులుద్ది. ఆరోగ్యంగా ఉన్న కోడికి తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ అయిపోవాలి. పొద్దున్నే చేత్తో తడిమితే రాత్రి పెట్టింది అలాగే ఉందంటే కింద లైను ఆగినట్టు, అప్పుడు మోటరు వెయ్యకూడదు. వేస్తే ట్యాంకు పొర్లుద్ది, పొర్లేది ఎక్కడికి, నోట్లోకే, ఆ చీలిక పక్కకే. నిల్వ ఉండిపోయిందా, పులిసి కాండిడా అనే ఈస్ట్ పెరుగుద్ది, నోరు పుల్లటి వాసన కొడతది. ఆ లైను ఆగేది కూడా ఎక్కువగా కోడి చల్లబడినప్పుడూ ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడే. అందుకే ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి. ఒళ్లు చల్లగా ఉన్న కోడికి తిండి పెట్టొద్దు.

నీళ్లంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. మింగగలిగే కోడి అయితే ముక్కు పక్కన ఒక్కో చుక్క పెట్టండి, మింగాక ఇంకోటి. ఓపిక కావాలి, కానీ అన్నిట్లోకీ సేఫ్ ఇదే. రెట్ట పల్చగా పచ్చగా పడుతుంటే కడుపులో తిండి లేక పైత్యరసం మాత్రమే దిగతన్నట్టు కావచ్చు, పక్షుల పైత్యంలో ఉండేది బిలివర్డిన్, దాని రంగే పచ్చ. కొక్కెరలో కూడా పచ్చగా పడుద్ది కాబట్టి ఆ ఒక్కటి చూసి తేల్చెయ్యకండి.

తిండికి కోడిపిల్లల మేత మిక్సీలో మెత్తగా పట్టి, ఉడికిన పచ్చసొన కలిపి, టీ వడకట్టే జల్లెడలో వడకట్టి, పల్చగా జారేట్టు చెయ్యండి. పాలు వద్దు, లాక్టోజ్ దానికి సరిగ్గా అరగదు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటది, మేత 38 నుంచి 40 మధ్య ఉండాలి, ఎక్కువైతే క్రాప్ గోడ కాలుద్ది, తక్కువైతే కదలిక ఆగుద్ది. మొదట ఒక్కసారికి కిలో బరువుకి 10, 15 ఎంఎల్ చాలు, అది దిగిపోతుంటే రెండు మూడు రోజుల్లో మెల్లగా 30 దాకా. రోజుల తరబడి పస్తున్న ఒంటికి ఒక్కసారే పిండి పదార్థం ఎక్కిస్తే ఇన్సులిన్ పెరిగి రక్తంలో ఫాస్ఫేటుని, పొటాషియంని కణాలు లాగేసుకుంటాయి, గుండె ఆగే ప్రమాదం ఉంది.

మింగలేని కోడికి ఈ మేత ట్యూబ్‌తో నేరుగా క్రాప్‌లోకి పోస్తారు, అది మాత్రం మొదటిసారి డాక్టర్ దగ్గరే నేర్చుకోండి, విజయవాడ పక్కన గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది, ఫోన్ చెయ్యాలంటే పశువుల హెల్ప్‌లైన్ 1962. మెత్తటి ట్యూబ్ కోడి ఎడమ పక్క నుంచి పెట్టి గొంతు కుడి వైపుకి పోనిస్తారు. పోసే ముందు మెడ మీద వేళ్లతో తడిమితే రెండు గొట్టాలు తెలియాలి, రింగులు రింగులుగా తగిలేది గాలిగొట్టం, రెండోది మీ ట్యూబ్. ఒక్కటే తెలిస్తే వెంటనే బయటికి తీసెయ్యాలి, ఒక్క చుక్క పొయ్యకూడదు.

ఒకటి కాదు, నాలుగైదు కోళ్లు హఠాత్తుగా పోతే మాత్రం తిండి సంగతి పక్కన పెట్టి, ముట్టుకోకుండా ముందు డాక్టర్‌కి చెప్పండి, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా.

తాడేపల్లి అమ్మా, మీ పెట్టకి పేగులు బానే ఉండొచ్చు, పాడైంది గురి. కొన్ని వారాల్లో కాస్త సర్దుకునేవి ఉన్నాయి. మిగతా కోళ్లకి దూరంగా, వెచ్చగా ఉంచండి. చుక్కలు పెట్టే ముందు ప్రతిసారీ లోతు గిన్నెలో తడి మేత ముక్కు ముందు పెట్టి కాసేపు ఆగండి, గింజని కొట్టలేనిది తడి ముద్దని కొట్టగలదు. తనే ఎంత తింటే మీరు పెట్టేది అంత తగ్గించుకుంటూ రండి.