కడుపు నిండాకే మనసు సంగతా? అవసరాల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో కౌన్సెలింగ్ చేస్తుంటాను. "తిండికి లోటు లేదు, ఏసీ హాస్టల్లో పెట్టాం, అడిగిందల్లా కొనిస్తన్నాం. ఇంకేంది మేడం వాడికి తక్కువ?" అని ఇంటర్ పిల్లల అమ్మానాన్నలు తరచూ అడుగుతుంటారు. వాళ్ల బాధ నిజమైనదే. దాని వెనకున్న లెక్కే సరికాదు.

అపోహ: అవసరాలు వరసగా తీరాలి. ముందు తిండి, గూడు. ప్రేమ, గౌరవం తర్వాత.

వాస్తవం: బీఎడ్, ఎంబీఏ పుస్తకాల్లో అమెరికా మనస్తత్వవేత్త మాస్లో పేరుతో కనిపించే, అవసరాలను మెట్లుగా చూపే పిరమిడ్ బొమ్మ ఆయన గీసింది కాదు. అబ్రహాం మాస్లో 1943లో రాసిన వ్యాసంలో శరీర అవసరాలు, భద్రత, ప్రేమ, గౌరవం, తన శక్తిని పూర్తిగా వినియోగించుకోవడం అని ఐదింటిని వరసగా చెప్పిన మాట నిజం. అయితే ఆ వరస అందరికీ ఒకేలా ఉండదనీ, ఒకటి పూర్తిగా తీరితేనే ఇంకొకటి పుడుతుందనుకోవద్దనీ అదే వ్యాసంలో రాశాడు.

అపోహ: పేదోళ్లకు కూడు ముఖ్యం. గౌరవం, ఆత్మతృప్తి ఉన్నోళ్ల మాటలు.

వాస్తవం: ఇది మన జిల్లాలో అనకూడని మాట. దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా మీద తిరగబడింది కడుపు నిండాక కాదు. అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని చదువు నేర్చుకుంటూ, తమ బతుకు గురించి మాట్లాడుకుని లేచారు. కూలి డబ్బులు ఇంటికి రావాలి, రాత్రి దెబ్బలు తప్పాలి, తమ మాటకు విలువుండాలి. ఇందులో ఏది కూడు, ఏది గౌరవం? విడదీయలేం. 1992లో ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది.

అపోహ: గట్టి లక్ష్యం ఉంటే నిద్ర, తిండి గుర్తుకే రావు.

వాస్తవం: 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు ఒక ప్రయోగానికి తామే ముందుకొచ్చారు. దాదాపు ఆరు నెలలు సగం తిండితో ఉన్నారు. చదువు మీద, స్నేహితుల మీద ఆసక్తి పోయి, ధ్యాసంతా తిండి చుట్టూనే తిరిగింది. వాళ్లది చిన్న సంకల్పమేమీ కాదు.

అపోహ: అన్నీ అమర్చిపెడితే పిల్లలు తృప్తిగా ఉంటారు.

వాస్తవం: మనసుకు మూడు కావాలంటారు డెసీ, రయాన్ అనే పరిశోధకులు: ఇది నా నిర్ణయం అనిపించడం, నాకు చేతనవుతుంది అనిపించడం, నాకంటూ మనుషులున్నారు అనిపించడం. గ్రూపు నాన్న ఎంచి, కాలేజీ మామయ్య ఎంచి, ప్రతి వారం ర్యాంకు గోడకెక్కితే ఆ పిల్లాడికి ఈ మూడింట్లో ఏది మిగిలింది?

అందుకే మార్కుల కంటే ముందు నేను పిల్లల్ని అడిగేవి వేరు. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు? అన్నం ఎవరితో కూర్చుని తిన్నావు? ఈ వారం నీ ఇష్టంతో చేసిన పని ఏదైనా ఉందా? ఆదివారం హాస్టల్‌కి వెళ్లినప్పుడు మీరూ ఇవే అడగండి. చచ్చిపోవాలనుంది అని బిడ్డ ఒక్కసారి అన్నా బెదిరింపనుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.