ఎంతమందిలో ఎంతమంది?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు గురించి రాసే విలేకరి ముందుగా తేల్చుకోవలసింది, రోగులు ఎంతమందిలో ఎంతమంది అన్న సంగతి. కవిటి మండలంలోని ఒక ఊళ్లో వైద్య శిబిరం పెట్టారనీ, రక్తపరీక్ష చేయించుకున్న 200 మందిలో 60 మందికి క్రియాటినిన్ (మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే పదార్థం) ఎక్కువగా తేలిందనీ అనుకుందాం. ‘ఊళ్లో 30 శాతం మందికి కిడ్నీ జబ్బు’ అని శీర్షిక పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే శిబిరానికి వచ్చేవారిలో కాళ్ల వాపులు ఉన్నవారు, ఇంట్లో ఇదే జబ్బుతో ఒకరిని పోగొట్టుకున్నవారు ఎక్కువగా ఉంటారు. ఒంట్లో బాగున్న మనిషి ఆ పూట జీడితోట పనికి పోతాడు. కాబట్టి ఆ 30 శాతం పరీక్షకు వచ్చినవారికే చెల్లుతుంది, దాన్ని మండల జనాభాతో గుణించి వేలల్లో లెక్క చెప్పడం కుదరదు. పైగా దీర్ఘకాలిక వ్యాధి అని నిర్ధారించాలంటే మూత్రపిండాల లోపం కనీసం మూడు నెలలు కొనసాగినట్టు తేలాలి.

‘డయాలసిస్ రోగులు పెరిగారు’ అన్న వార్తలో మరో మెలిక ఉంది. కేంద్రాలు ఊళ్లకు దగ్గరైనకొద్దీ, అవి లేనప్పుడు చనిపోయే మనిషి ఇప్పుడు బతికి జాబితాలో ఉంటాడు. అంటే జబ్బు పెరగకపోయినా, వైద్యం అందినందువల్లనే ఆ సంఖ్య పెరగవచ్చు. ఏడాదిలో కొత్తగా జబ్బు పడినవారి లెక్కను, మొత్తం రోగుల లెక్కను వేరువేరుగా అడిగితే తప్ప అసలు సంగతి బయటపడదు.

ఇక జిల్లాల లెక్క. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు పాలకొండ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం ప్రాంతం విజయనగరానికి వెళ్లాయి. దాంతో, 2011 జనగణన ప్రకారం సుమారు 27 లక్షల జనాభా ఉన్న శ్రీకాకుళం జిల్లా సుమారు 22 లక్షలకు కుదించుకుపోయింది. ఇది దాదాపు 19 శాతం తగ్గుదల. ఆ తర్వాత ‘జిల్లాలో 2021 కంటే రోడ్డు ప్రమాదాలు 15 శాతం తగ్గాయి’ అని ఒక అధికారి ప్రకటించాడనుకుంటే, జనాభా అంతకంటే ఎక్కువ తగ్గింది గనుక, లక్ష మందికి ఇన్ని అన్న లెక్కన ప్రమాదాలు పెరిగినట్టే. అధికారి అబద్ధం చెప్పలేదు, విలేకరీ తప్పు రాయలేదు. మధ్యలో జిల్లాయే మారిపోయింది. పాత, కొత్త జిల్లాలను పోల్చే ఏ వార్తకైనా మండలాల వారీ లెక్కలు తెచ్చుకుని ఒకే హద్దుల్లో కూడాలి.

శాతాల దగ్గర జరిగే పొరపాటు చిన్నదే గానీ తరచుగా కనిపిస్తుంది. మన్యం జిల్లా పదో తరగతి ఉత్తీర్ణత 2023లో 87.47 శాతం, 2024లో 96.37 శాతం. ఈ పెరుగుదల 8.9 శాతం కాదు, 8.9 శాతం పాయింట్లు, అంటే రెండు శాతాల మధ్య తేడా. 2023 అంకె మీద శాతంగా చెప్పాలంటే సుమారు 10.2. అదే ఫలితాన్ని తప్పినవారి వైపు నుంచి చూస్తే, 12.53 నుంచి 3.63కు, అంటే 71 శాతం తగ్గినట్టు. మూడు అంకెలూ సరైనవే గనుక, ఏది దేని మీద కట్టిన లెక్కో వాక్యంలోనే ఉండాలి.

వానల వార్తల్లో ‘సాధారణం’ అన్న మాట కూడా ఇలాంటిదే. వాతావరణ శాఖ వర్గీకరణలో, మామూలుగా కురవాల్సిన దానికంటే 19 శాతం దాకా తగ్గినా, పెరిగినా సాధారణ వర్షపాతమే. అది జిల్లా సగటు గనుక, ఒక మూల కుండపోత మరో మూల ఎండిన మడులను కప్పేస్తుంది. అందుకే ఖరీఫ్ నాట్ల వార్త రాసేటప్పుడు జిల్లా అంకె పక్కన మండలాల పట్టిక కూడా వేయాలి.