టైరుని తంతే ఏం తెలుస్తుంది?

చి. బుజ్జిగాడికీ, చిట్టితల్లికీ తాతయ్య ఆశీస్సులు.

నేనూ మీ నానమ్మా ఇక్కడ కులాసా. మొన్న సాయంత్రం తొలకరి పడింది. పెరట్లో మట్టి వాసన ఇంకా పోలేదు. మీకూ బళ్లు తెరిచారు కదా, ఇక పొద్దున్నే హడావుడే.

ఆదివారం ఫోన్లో బుజ్జిగాడు ఒక ప్రశ్న అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ పిలుస్తోందని పెట్టేశాడు. "నాన్న బైకు తీసే ముందు రోజూ టైరుని కాలితో తంతాడు. తంతే ఏం తెలుస్తుంది తాతయ్యా?" అని.

అప్పుడే అయితే "గాలి ఉందో లేదో చూడ్డానికిరా" అని తేల్చేసేవాణ్ణి. రాత్రి పడుకుని ఆలోచిస్తే అది నిజం కాదనిపించింది. తంతే ఏమీ తెలియదు! 20 పాయింట్ల గాలి ఉన్న టైరూ, 30 పాయింట్లున్న టైరూ చెప్పుకాలికి ఒకేలా తగులుతాయి. మొత్తం దిగిపోతే తెలుస్తుంది కానీ, దానికి తన్నక్కర్లేదు, కళ్లుంటే చాలు. మరి మీ నాన్న ఎందుకు తంతాడంటే, నన్ను చూసి. నేను మా నాన్నను చూసి. కాకపోతే మా నాన్న తన్నేవాడు కాదు, తట్టేవాడు. టైరుని కాదు, ఎద్దుని.

మా చిన్నప్పుడు బండి అంటే ఎడ్లబండే. తెల్లవారుజామున నాన్న లాంతరు పట్టుకుని కొట్టంలోకి వెళ్లేవాడు, వెనకాలే నేను. ఎద్దు మెడ మీద చెయ్యేసి, కాడి రాసుకుని పుండేమైనా పడిందా అని తడిమేవాడు. కాలెత్తి నాడాలు చూసేవాడు. రాత్రి వేసిన గడ్డి మిగిల్చిందా అని చూసేవాడు. తర్వాత బండి దగ్గరికొచ్చి ఇరుసుకు కందెన రాసి, చివర్న కడసీల చూసేవాడు. కడసీల అంటే ఇరుసు కొసన గుచ్చే ఇనప మేకు. అది ఉంటేనే చక్రం ఊడిపోకుండా ఉంటుంది. బొటనవేలంత ఉండేది.

నాకు పదేళ్లప్పుడు ఒకరోజు "కడసీల చూశావా?" అని అడిగాడు. చూడలేదు. "చూశాను" అన్నాను. ధాన్యం బస్తాలతో కాలవగట్టు మీద వెళ్తుంటే, మా కుడి చక్రం మాకంటే ముందు పోవడం కనబడింది! నాలుగు బారలు దొర్లుకుంటూ వెళ్లి కాలవలో పడింది. బండి ఒరిగింది, రెండు బస్తాలు నీళ్ల పాలు. నాన్న కొట్టలేదు. "చూశానన్నావు కదరా" అన్నాడు, అంతే. అరవై ఏళ్లయింది. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అందుకే మీ నాన్న బండిని కూడా నేను ఎద్దులాగే చూస్తాను. దానికి మేత పెట్రోలు అనుకుంటారు అందరూ. పెట్రోలుకేం, అయిపోతే ఎక్కడికక్కడ ఆగి అదే అడుగుతుంది. అడగకుండా చిక్కిపోయేది గాలి. రబ్బరు మనకు గట్టిగా కనబడుతుంది కానీ, పండగనాటి బెలూన్ నాలుగో రోజుకి ముడుచుకుపోయినట్టే, టైర్లోంచి కూడా గాలి మెల్లగా బయటికి జారిపోతూనే ఉంటుంది. పంచర్ అక్కర్లేదు. వారానికోసారి బంకులో మీటరు పెట్టించి చూసుకోవాలి, అదీ పొద్దున్నే. పదిహేను కిలోమీటర్లు తిరిగొచ్చాక టైరు వేడెక్కి మీటరు ఎక్కువ చూపిస్తుంది. ఎంత కొట్టించాలో చైను కవరు మీదో, ఆ దగ్గర్లోనో స్టిక్కర్ ఉంటుంది. మామూలు 100 సీసీ బండికి ముందు చక్రానికి 25 దగ్గర ఉంటుంది, వెనక దానికి ఇంకాస్త ఎక్కువ. వెనక ఇంకొకరు ఎక్కితే ఇంకా పెంచాలి. ఆ అంకె కూడా స్టిక్కర్ మీదే విడిగా రాసి ఉంటుంది. చిట్టితల్లీ, అది చదివి నాన్నకు చెప్పే పని నీది.

వాల్వు దగ్గర గాలి పోతోందేమో అని అనుమానం వస్తే మేం సైకిళ్లకు ఏం చేసేవాళ్లమో చెప్పనా? వేలికి ఉమ్ము తడి చేసి వాల్వు మూతి మీద రాసేవాళ్లం. బుడగ ఉబ్బితే పోతున్నట్టే. నానమ్మ ఈ ముక్క రాయొద్దంది. మీరు సబ్బునీళ్లు వాడండి.

ఇక చైను. ఇక్కడికొచ్చేసరికి నా ఎద్దు నాకు అక్కరకు రావడం లేదు. తోక అందామంటే తోక బండిని లాగదు. పగ్గం అందామంటే అది బ్రేకుకి సరిపోతుంది. సరే, ఎద్దుని కాసేపు చెట్టుకి కట్టేద్దాం. చైను కవరు మీద చిన్న నల్ల రబ్బరు మూత ఉంటుంది చూడండి. అది తీసి నాన్న వేలు పెట్టి చైనుని పైకీ కిందకీ ఆడిస్తాడు. రెండు వేళ్ల మందం, అంటే 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. ఎక్కువ ఆడితే చక్రం పళ్ల మీంచి జారుతుంది. మరీ బిగిస్తే మనం కూర్చుని గుంటలో పడ్డప్పుడు తెగేంత లాగుతుంది. "చైను సాగింది" అంటాడు మెకానిక్. ఇనుము సాగడమేమిటని నాకూ చాలాకాలం అనుమానం ఉండేది. సాగదు. 100కి పైగా లింకులు, ప్రతి లింకు దగ్గరా పిన్ను వెంట్రుకవాసి అరుగుతుంది. ఆ వాసులన్నీ కలిసి వేలి మందం అవుతాయి. వానాకాలం బురద తోడైతే ఇంకా తొందరగా అరుగుతుంది. అందుకే తుడిచి ఆయిల్ వెయ్యాలి. మా కందెనే ఇది, డబ్బా మారింది. ఒక్క మాట, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఇంజను నడుస్తుండగా చైను దగ్గర వేలు పెట్టకూడదు, గుడ్డ కూడా పెట్టకూడదు. చైనుకీ పళ్లకీ మధ్య పడ్డ వేలు మిగలదు. మీరైతే ఆగి ఉన్నప్పుడు కూడా పెట్టొద్దు, చూడండి చాలు.

అమ్మ చున్నీ, నానమ్మ చీరకొంగు కూడా అంతే. ఎక్కగానే వెనక్కి తిరిగి చూసి, ఒళ్లో పెట్టించండి. చీర గార్డు ఉంది కదా అనుకోవద్దు. గాలికెగిరిన కొంగుకు అది అడ్డం కాదు.

ఇంజన్ ఆయిలూ, క్లచ్ కేబులూ మీ నాన్నా మెకానికూ చూసుకుంటారు. బ్రేకు లైటుకి మాత్రం మీరు కావాలి. బండి మీద కూర్చున్నవాడికి తన వెనక లైటు కనబడదు. బుజ్జిగాడు వెనక కొంచెం పక్కగా నిలబడాలి. నాన్న చేత్తో ఒకసారి, కాలితో ఒకసారి బ్రేకు నొక్కాలి. రెండుసార్లూ "వెలిగింది" అని అరవాలి. వెలగకపోతే వెలగలేదనే చెప్పాలిరా. బడికి టైమైపోతోందని చూడకుండా చెప్పొద్దు. నా బస్తాలు గుర్తున్నాయి కదా.

తొలకరికి రోడ్డు జారుతుంది. ఎండాకాలమంతా రోడ్డు మీద పడ్డ ఆయిలూ దుమ్మూ మొదటి జల్లుకి పైకి తేలి జిగటవుతాయి. గట్టిగా రెండు వానలు కొట్టి అది కడుక్కుపోయేదాకా నాన్నని నెమ్మదిగా పొమ్మనండి. టైరు గాడుల లోపల అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మలుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే మార్చాల్సిందే. టైరు పక్కన నాలుగంకెలు కూడా ఉంటాయి, వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో పుట్టిందన్నమాట. మీకంటే పెద్దదో చిన్నదో లెక్క కట్టండి.

అన్నట్టు హెల్మెట్. నాలుగేళ్లు దాటిన ప్రతివాళ్లూ పెట్టుకోవాలని చట్టమే ఉంది. "పక్క వీధికే కదా" అని మీ నాన్న అంటే, కడసీల కథ ఆయనకి కూడా చెప్పండి. చిన్నప్పుడు చెప్పాను, మర్చిపోయుంటాడు.

ఇక బుజ్జిగాడి ప్రశ్న. టైరు గురించి తెలుసుకోవాలంటే తన్నడం కంటే మంచి ఉపాయం ఒకటుంది. ఆదివారం పొద్దున్నే నానమ్మ పంపిన ముగ్గుపిండి పిడికెడు తీసుకోండి. బండి గచ్చు మీద ఆపి, ఇంజను ఆపేసి, నాన్నని నిటారుగా పట్టుకోమనండి. ముందు టైరు నేలకు ఆనినచోట చుట్టూ పిండి చల్లండి, మెల్లగా ఊదండి. తర్వాత నాన్నని బండి వెనక్కి తొయ్యమనండి. టైరు ఆనినంత మేర పిండి పడక ఖాళీగా ఉంటుంది. 110 కిలోల బండి, దాని మీద నాన్న, అమ్మ, మీరిద్దరూ, మీ పుస్తకాల సంచులూ, ఇదంతా మలుపులో పడిపోకుండా పట్టుకునేది ఆ ఖాళీ, వెనక చక్రం కింద అలాంటిదే ఇంకొకటి. నేను ఈ వయసులో మొన్న మొదటిసారి చేసి చూశాను. చాలాసేపు అక్కడే కూర్చున్నాను, నానమ్మ కాఫీ చల్లారిపోయిందని కేకేసేదాకా.

చిట్టితల్లి తన అరచెయ్యి ఆ ఖాళీ మీద పెట్టి చూడాలి. చెయ్యి పెద్దదో, ఖాళీ పెద్దదో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య